యాక్సిడెంట్ అయ్యి మంచాన పడితే, పోయిన జీతం ఎవరిస్తారు?

పోయిన నెల మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాడు, 27 ఏళ్లు. రాంగ్ రూట్‌లో వచ్చిన కారు గుద్దితే కాలు విరిగింది, లోపల రాడ్ వేశారు. నేను లాయర్ని కదా, క్లెయిమ్ వేశావా అనడిగితే వాడేమన్నాడంటే, "హాస్పిటల్ బిల్లు కారాయనే కట్టేశాడు కదన్నా, ఇంకేం అడుగుతాం?"

అప్పటికి వాడు బండెక్కి మూడు నెలలైంది. బైక్ ఈఎంఐ రెండుసార్లు బౌన్స్ అయింది. రూమ్ ఖాళీ చేసి నల్లగొండలో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోయాడు. ఇదంతా నష్టం కాదా మరి? చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. బిల్లు వచ్చేసింది, ఇంక చాలు అనుకుంటున్నారు.

చట్టం అలా అనుకోదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 166 కింద ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేస్తే సంపాదన నష్టం కూడా అడగొచ్చు. తప్పు ఎదుటి బండిదని తేలితే, ఆ బండికి ఇన్సూరెన్స్ ఉంటే మామూలుగా ఆ కంపెనీయే కడుతుంది. మీ తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు కోస్తారు. మీ అంతట మీరే స్కిడ్ అయి పడితే మాత్రం ఈ దారి పనికిరాదు, అది ముందే చెప్పేస్తున్నా.

ఈ సంపాదన నష్టంలో రెండు భాగాలుంటాయి. మొదటిది సింపుల్. ట్రీట్‌మెంట్‌లో ఉండి పని చేయలేని నెలలు. మావాడికి నెలకు 18,000 వస్తుందనుకుందాం, ఐదు నెలలు ఇంట్లో ఉంటే 90,000.

రెండోది అసలు పెద్దది. కాలు పూర్తిగా బాగవకపోతే, ముందు ముందు తగ్గిపోయే సంపాదన. దీని గురించి 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చాలా క్లియర్‌గా చెప్పింది. డాక్టర్ సర్టిఫికెట్‌లో రాసిన వైకల్యం శాతం వేరు, సంపాదించే శక్తి ఎంత పోయింది అన్నది వేరు. కోర్టు ఇచ్చిన ఉదాహరణే చూడండి. ఎడమ చెయ్యి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే దాదాపు నూటికి నూరు శాతం నష్టం. అదే గవర్నమెంట్ ఆఫీసులో క్లర్క్ అయితే ఉద్యోగం ఉండొచ్చు. గాయం ఒకటే, నష్టం ఒకటి కాదు.

ఇప్పుడు లెక్క వేద్దాం, ఇవి ఉదాహరణకే. నెలకు 18,000. 40 ఏళ్ల లోపు, సొంతంగా సంపాదించుకునేవాళ్లకి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, 25,200. ఏడాదికి 3,02,400. 26 నుంచి 30 ఏళ్ల మధ్య వాళ్లకి దాన్ని 17తో గుణిస్తారు, 51,40,800. సంపాదించే శక్తి 10 శాతమే తగ్గింది అంటే 5,14,080. అదే రోజంతా బండి నడిపి, మెట్లెక్కి దిగే పని ఇది, 30 శాతం పోయింది అని నిరూపిస్తే 15,42,240. పది లక్షలకు పైగా తేడా! అందుకే సర్టిఫికెట్ ఒక్కటి పడేస్తే సరిపోదు. మీకు ట్రీట్‌మెంట్ చేసిన డాక్టర్ వచ్చి, ఈ కాలుతో ఈ పని ఎందుకు కష్టమో ట్రైబ్యునల్ ముందు చెప్పాలి.

"అన్నా, నాకు శాలరీ స్లిప్ లేదు కదా" అన్నాడు వీడు. శాలరీ స్లిప్ లేకపోతే దారి మూసుకుపోదు. 2014లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కూరగాయలమ్మే కుర్రాడి కేసు వచ్చింది, యాక్సిడెంట్‌లో కుడికాలు పోయింది. అలా చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లని కాగితాలు తెమ్మనడం కుదరదని చెప్పి, కింద ట్రైబ్యునల్ 3,500 అన్న నెల ఆదాయాన్ని 6,500గా తీసుకుంది. కానీ కాగితం లేకపోతే కోర్టు అంచనా వేస్తుంది, ఆ అంచనా మీ అసలు సంపాదన కంటే తక్కువ ఉండొచ్చు. మీ ఫోన్‌లో ఉన్నదాన్ని ఎందుకు వదులుకోవాలి?

మావాడితో ఆ రోజే చేయించా. యాప్‌లో వారం వారం వచ్చిన పేమెంట్ల స్క్రీన్‌షాట్లు, ఐడీ ఆగిపోకముందే. ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్, బ్యాంక్ స్టాంప్‌తో, ఎందుకంటే ఒట్టి స్క్రీన్‌షాట్ని అవతలి లాయర్ ఊరికే వదలడు. రెస్ట్ తీసుకోమని డాక్టర్ రాసిన ప్రతి చీటీ, తేదీతో సహా. మీరు మెకానిక్కో, మేస్త్రీయో అయితే ఫోన్‌పేలో వచ్చిన డబ్బులు, పని ఇచ్చినాయన సాక్ష్యం కూడా పనికొస్తాయి.

ఇంకో విషయం, టైమ్. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. కాలు నయమయ్యాక చూద్దాంలే అనుకుంటే రాడ్ తీయకముందే గడువు అయిపోతుంది. ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే వేయొచ్చు. యాక్సిడెంట్ ఎక్కడైనా సరే, మీరు ఉండే చోట కూడా వేసుకోవచ్చు. కర్ర పట్టుకుని ప్రతిసారీ హైదరాబాద్ తిరగక్కర్లేదు.

మావాడి పిటిషన్ పోయిన వారం నల్లగొండలో వేశాం. ఎఫ్ఐఆర్ ఉంది కాబట్టి సరిపోయింది, కారాయన "బిల్లు కట్టా కదా, కేసు వెనక్కి తీసుకో" అని రెండుసార్లు ఇంటికొచ్చాడట. మీకూ ఎవరైనా అలా వస్తే, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.