బండెక్కిన పడవ

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సుకు అడ్డంగా పోతుంది. చలికాలంలో ఆ రోడ్డు మీద బండి ఆపి చూస్తే రెండు వైపులా కనుచూపు మేర నీళ్లే. సముద్రం దాకా వచ్చేశామా అనిపిస్తుంది. అంతలో ఒడ్డు నుంచి చాలా లోపల ఫ్లెమింగోలు బారులు తీరి తాపీగా నడుస్తూ కనిపిస్తాయి. అంత దూరాన కూడా వాటి మోకాళ్లు మునగవు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. పాత పేరు ప్రళయ కావేరి. పేరు వింటే గుండె ఝల్లుమంటుంది గానీ సగటు లోతు మీటరుకు కాస్త అటూఇటూ, మనిషికి మొలలోతు.

అలాంటి నీళ్లలోకి ఓ ఫైబర్ బోటును ట్రైలర్ మీద తెచ్చి దించాలి, సాయంత్రం మళ్లీ బండెక్కించాలి. చూడబోతే రెండు చక్రాలు, ఒక ఇనప చట్రం, ముందు తాడు చుట్టే చిన్న చేతి యంత్రం. ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఉన్నదంతా చక్రాల కింద ఉంది. ఆ సంగతి తెలియాలంటే ఈ బండి పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అని మనం అదృష్టం గురించి అంటాం. ఈజిప్టు వాళ్లకు అది రోజువారీ పని. నైలు నది మీద రెండో జలపాతం దగ్గర, మిర్గిస్సా కోట పక్కన, దాదాపు 3,900 ఏళ్ల కిందట పడవల కోసం ఒక బాట వేశారు. నేల మీద అడ్డంగా దుంగలు పరిచి, పైన ఒండ్రు మెత్తి, తడిపి జారుడుగా చేసి, రాళ్లున్న చోటు దాటేదాకా పడవల్ని దాని మీద లాక్కుపోయేవాళ్లు. అస్వాన్ పెద్ద ఆనకట్ట కట్టాక ఆ చోటు జలాశయంలో మునిగిపోయింది. పడవ నేల మీద నడిచిన దారి మీద ఇప్పుడు నీళ్లున్నాయి. గ్రీకులు కొరింథు దగ్గర రాళ్లు పరిచిన బాట వేసి, ఓడల్ని ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి నేల మీదుగా చేర్చారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిలో రేవుకు అడ్డంగా గొలుసు కట్టి ఉంటే, సుల్తాను రెండో మెహ్‌మెద్ కొవ్వు పూసిన దుంగల మీద ఓడల్ని గుట్ట ఎక్కించి అవతల దించాడు.

వీటన్నిటిలోనూ పని చేసింది మనుషులూ ఎడ్లే. యంత్రం అనదగ్గది 1818లో వచ్చింది. స్కాట్లండులోని లీత్ రేవులో ఓడలు కట్టే థామస్ మోర్టన్‌కు ఒక చిక్కు ఉండేది. ఓడ అడుగు బాగుచేయాలంటే రాతితో పెద్ద తొట్టి కట్టి, ఓడను లోపలికి తెచ్చి, నీళ్లు తోడేయాలి. దానికి బోలెడు ఖర్చు. మోర్టన్ ఒడ్డు నుంచి నీళ్ల లోపలిదాకా ఏటవాలుగా పట్టాలు వేసి, వాటి మీద చక్రాల ఊయల లాంటి చట్రాన్ని దించాడు. ఓడ తేలుతూ వచ్చి దాని మీద నిలబడుతుంది. గొలుసుతో చట్రాన్ని పైకి లాగితే ఓడ తానే ఒడ్డెక్కుతుంది. మన బోటు ట్రైలర్‌కు ముత్తాత ఇదే. పులికాట్‌కు అవతలి ఒడ్డున శ్రీహరికోటలోనూ దీని చుట్టం ఒకటుంది. రెండో ప్రయోగ వేదిక కోసం రాకెట్‌ను ఒక భవనంలో నిలబెట్టి కూర్చి, పట్టాల మీద నడిచే పీఠంతో సహా సుమారు కిలోమీటరు దూరం తీసుకెళ్తారు. అక్కడ వాలు లేదు, నీళ్లూ లేవు. అయినా బరువును కదిలించే ముందు కింద పడక సిద్ధం చేయాలన్న మోర్టన్ ఆలోచనే అక్కడా కనిపిస్తుంది.

వాలు ఎంత పని చేస్తుందో లెక్క వేద్దాం. ఇంజనుతో కలిపి ఒక టన్ను తూగే బోటును ఇసక మీద ఊరికే ఈడిస్తే, బరువులో సగం దాకా రాపిడికే పోతుంది. అంటే 500 కిలోల లాగుడు. ఇసకలో కాళ్లు తన్నిపెట్టి మనిషి నిలకడగా పాతిక కిలోలు లాగగలడనుకుంటే ఇరవై మంది కావాలి. ఇరవై మందీ ఒక్క క్షణాన లాగాలి కూడా. నిలిచి ఉన్న వస్తువును కదిలించడానికి పట్టే బలం, కదిలాక లాగడానికి పట్టే బలం కంటే ఎక్కువ. ‘ఐలేసా’ పుట్టింది అందుకే. అది వినసొంపుకు పుట్టిన మాటని నేననుకోను, ఇరవై జతల చేతుల్ని ఒక్క క్షణానికి కట్టే తాడు అది.

అదే బోటును ఎనిమిది అడుగులకు ఒక అడుగు పల్లమయ్యే కాంక్రీటు వాలు మీద, ట్రైలర్ రోలర్ల మీదుగా లాగండి. టన్నులో ఎనిమిదో వంతు 125 కిలోలు, రోలర్ల రాపిడికి మరో పాతిక, మొత్తం 150. ఇప్పుడు చేతి యంత్రం పిడి పట్టుకోండి. పిడి పొడవు 24 సెంటీమీటర్లు, తాడు చుట్టుకునే డ్రమ్ము వ్యాసార్ధం 4, కాబట్టి ఆరు రెట్లు. మధ్యలో పళ్ల చక్రాలు ఇంకో నాలుగు రెట్లు. మొత్తం ఇరవై నాలుగు రెట్లు. రాపిడి నష్టం కలుపుకున్నా చేతి మీద పడేది పది కిలోల లోపు. పదేళ్ల పిల్లాడు రెండు చేతులతో తిప్పగలడు. అయితే ప్రకృతి ఎవరికీ ఊరికే ఇవ్వదు. అయిదు మీటర్ల బోటు బండెక్కాలంటే పిడిని ఎనభై సార్లు తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ పళ్ల మధ్య చిన్న కొక్కెం టిక్కుటిక్కుమని పడుతుంది. చెయ్యి జారినా బోటు వెనక్కి పోకుండా ఆపేది ఆ కొక్కెమే.

డ్రైవరు పని వేరు. ట్రైలర్ వెనక్కి పోయేటప్పుడు అది కుడికి తిరగాలంటే స్టీరింగు ఎడమకు కొట్టాలి. ట్రాక్టరు ట్రాలీతో ధాన్యం తోలినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, కారు మాత్రమే తోలినవాళ్లకు చెప్పినా ఎక్కదు. ట్రైలర్ తక్కువ దిగితే బోటును బలంతో లాగాలి. మరీ లోతుకు దిగితే బోటు వెనక భాగం తేలిపోయి పక్కకు తిరుగుతుంది, రోలర్ల మీద సరిగా కూర్చోదు. చక్రాల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఎండలో ముప్పై నలభై కిలోమీటర్లు వచ్చిన చక్రాల బేరింగులు వేడెక్కి ఉంటాయి. రాగానే నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారి చల్లారి ముడుచుకుని, సీలు సందుల్లోంచి ఉప్పునీటిని లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు పోతుంది, తుప్పు మొదలవుతుంది. తెలిసినవాళ్లు ఒడ్డున టీ తాగి, చక్రం చల్లబడ్డాకే దింపుతారు.

ఇక పులికాట్‌కు వద్దాం. ట్రైలర్ మీది బోటు తేలాలంటే చక్రాల దగ్గర సుమారు 80 సెంటీమీటర్ల నీళ్లు కావాలి. పైన చెప్పిన వాలు మీద నీటి అంచు నుంచి ఆరున్నర మీటర్లు దిగితే సరిపోతుంది. కిలోమీటరుకు మీటరు మాత్రమే పల్లమయ్యే నేల మీద అదే లోతు కోసం 800 మీటర్లు నీళ్లలోకి పోవాలి. కింద ఒండ్రు. ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడి, బోటును వదిలేసి దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరును పిలవాల్సి వస్తుంది.

ఇక్కడి జనం ఈ లెక్క కాగితం మీద వేయలేదు, పడవలోనే వేశారు. అడుగు బల్లపరుపుగా ఉన్న పడవ, చేతిలో గెడ. నేల ఎక్కడైనా గెడకు తగులుతుంది కాబట్టి గెడే వాళ్ల ఇంజను. పడవ నీళ్లలోనే ఉంటుంది, బండెక్కే అవసరమే రాదు. ఇరకం దీవి వాళ్లకు భీములవారిపాలెం రేవు నుంచి పడవే బస్సు. సముద్రం వైపు జాలర్లది ఇంకా తెలివైన దారి. తెప్ప అంటే తాళ్లతో కట్టిన దుంగలే కదా. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగల్ని విడివిడిగా మోసుకెళ్లి ఆరబెట్టేవాళ్లు. ఎత్తలేని బరువును ఎత్తగలిగే ముక్కలు చేయడం కంటే చవకైన యంత్రం నాకు తెలియదు.

ఇంజను వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం ఈ చిక్కు మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఒడ్డున ఇసకకు తగలకుండా ఫ్యాను పైకి ఎత్తుకునే ఏర్పాటుతో, అలల మీదుగా తీరానికి చేరే పడవల్ని తయారుచేసి మన కోస్తాలోనూ పరీక్షించింది. తర్వాత ఫైబర్ బోట్లు వచ్చాయి, 2004 సునామీ తర్వాత మరీ పెరిగాయి. బరువు పెరిగినకొద్దీ ట్రాక్టరు, తాడు, ట్రైలర్ అక్కర కూడా పెరిగింది.

కాబట్టి షికారుకో, వరదల్లో సహాయానికో పులికాట్ ఒడ్డుకు ట్రైలర్ బోట్లు వస్తే తప్పేమీ లేదు. ముందు వాలు కట్టాలి, దాని కొస దగ్గర మడుగులా లోతు చేయాలి, కాంక్రీటు మీద పాచికి టైరు జారకుండా గాళ్లు తీయాలి. ఈశాన్య రుతుపవనాలకు నిండిన సరస్సు ఎండాకాలం వచ్చేసరికి ఆంధ్రా వైపు చాలా మేర ఇగిరిపోయి, ఉప్పు పేరిన నేల బయటపడుతుంది. నిండు నీళ్ల అంచును చూసి కట్టిన ర్యాంపు వేసవిలో మట్టి మీద ఆగిపోతుంది. కట్టదలిచినవాళ్లకు ఒకటే మనవి: కొలతల టేపు పట్టుకుని డిసెంబరులో రావద్దు, మే నెలలో రండి.