పూలదండలు వాడిపోయాక...

2008 డిసెంబరు 13. తెల్లారేసరికి వరంగల్‌లో ఎక్కడ విన్నా ఒకటే మాట... ‘చంపేశారట!’

మూడు రోజుల కిందట, డిసెంబరు 10న, కాలేజీ నుంచి బండి మీద ఇంటికెళ్తున్న ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. ఆ కేసులో అరెస్టయిన ముగ్గురు యువకులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాల కోసం తీసుకెళ్తే తిరగబడ్డారని, ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. ఊరు అంతకుమించి అడగలేదు. కాలేజీ పిల్లలు పూలదండలు తెచ్చారు. మిఠాయిలు పంచుకున్నారు. అప్పటి జిల్లా ఎస్పీ వి.సి.సజ్జనార్ ఒక్క రాత్రిలో హీరో అయిపోయారు.

ఆ దండలు వేస్తున్న వేళకి అమ్మాయిలిద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు. వాళ్లలో ఒకరు అదే నెల 31న కన్నుమూశారు. అప్పటికి సంబరం ముగిసి పద్దెనిమిది రోజులైంది.

ఆడపిల్లలున్న ప్రతి ఇల్లూ ఆ రోజు కోపంతో రగిలిపోయింది. అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. చిక్కంతా ఆ కోపం ఎక్కడ ఆగిందన్నదే. తూటా పేలింది, కోపం చల్లారింది. నిందితులే లేనప్పుడు వాళ్ల మీద విచారణ ఏముంటుంది? సీసాడు యాసిడ్ ఆ కుర్రాళ్ల చేతికి ఎలా వచ్చింది? అమ్మే దుకాణాల మీద ఎవరి అజమాయిషీ ఉంది? బతికిన అమ్మాయి వైద్యం ఖర్చు ఎవరు భరించాలి? కోర్టు మెట్లెక్కి ఊరందరి ముందూ తేలాల్సిన ప్రశ్నలివి.

వాటికి జవాబు వరంగల్ నుంచి రాలేదు. ఢిల్లీలో 2005లో యాసిడ్ దాడికి గురైన లక్ష్మీ అగర్వాల్ మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఏడేళ్లు పట్టువదల్లేదు. 2013 జులై 18న కోర్టు ఆదేశాలిచ్చింది. యాసిడ్ కొనేవాళ్ల పేరు, చిరునామా రిజిస్టర్‌లో రాసుకోవాలి. గుర్తింపుకార్డు చూడాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు. నిల్వల లెక్క అధికారులకు చెప్పాలి, లేదంటే 50 వేల రూపాయల దాకా జరిమానా. బాధితులకు కనీసం 3 లక్షల పరిహారం. అదే ఏడాది యాసిడ్ దాడిని ప్రత్యేక నేరంగా చేర్చి, కనీసం పదేళ్ల శిక్ష పెట్టారు. ఈ ఆదేశాలు వచ్చిన రోజున దండలు వేసినవాళ్లు లేరు. ఆ మాటకొస్తే, మీ వీధి చివరి దుకాణంలో ఆ రిజిస్టర్ ఉందేమో అడిగి చూడండి!

పదకొండేళ్ల తర్వాత అదే కథ, ఇంకా పెద్ద తెరమీద! 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ‘దిశ’ హత్యాచారం. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల ఎన్‌కౌంటర్. సైబరాబాద్ కమిషనర్ కూడా ఆ సజ్జనారే. వంతెన మీద నుంచి పోలీసులపై పూలు చల్లారు, రాఖీలు కట్టారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పోలీసుల కథనం నమ్మేలా లేదని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. అది చదివినవాళ్లు ఎందరు?

అంతకన్నా పెద్ద సంగతి పూల కింద కనపడకుండా పోయింది. ఆ రాత్రి కూతురు కనిపించడం లేదని వెళ్తే, ‘ఇది మా పరిధి కాదు’ అంటూ స్టేషన్ల మధ్య తిప్పారని కుటుంబం వాపోయింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధి చూడకుండా ఎక్కడైనా కేసు నమోదు చేసే ‘జీరో ఎఫ్‌ఐఆర్’ అప్పటికే ఉంది. స్టేషన్లలో వాడిందే తక్కువ. ఆ దెబ్బతో డిసెంబరు తొలివారంలోనే వరంగల్ సుబేదారి స్టేషన్‌లో, ఓ యువతి కనిపించడం లేదన్న ఫిర్యాదుపై జీరో ఎఫ్‌ఐఆర్ నమోదైంది. ఆ వారం జరిగిన అసలు మార్పు ఇదేనేమో. పేపర్లో మాత్రం చిన్న వార్త!

చట్టసభలకూ తొందరొచ్చింది. 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ‘దిశ’ బిల్లు ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పు అన్నారు. రాష్ట్రపతి ఆమోదం దక్కక అది చట్టమే కాలేదు.

మరి కోర్టులు కదలవా? కదులుతాయి. హన్మకొండలో 2019 జూన్‌లో తొమ్మిది నెలల పసిపాప హత్యాచారం కేసులో వరంగల్ కోర్టు ఆగస్టు 8నే తీర్పిచ్చింది. మరణశిక్షను హైకోర్టు తర్వాత యావజ్జీవంగా మార్చింది. ‘దిశ’ కన్నా మూడు రోజుల ముందు, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిరువ్యాపారం చేసుకునే ‘సమత’ బలైంది. మొదట్లో ఆమె కోసం నగరాల్లో కొవ్వొత్తులు వెలగలేదు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు మాత్రం 2020 జనవరి 30న ముగ్గురికి శిక్ష వేసింది. సాక్షులొచ్చారు, వాదనలు జరిగాయి, తీర్పు వచ్చింది. తుపాకీ అవసరం పడలేదు.

ఇక ఇంటి గడప లోపలి సంగతి. 2022లో దేశంలో మహిళలపై నేరాల కేసులు 4,45,256. వాటిలో నూటికి 31 భర్త, అత్తింటివాళ్ల వేధింపులవే. అత్యాచారం కేసుల్లోనూ నూటికి 90కి పైగా తెలిసినవాళ్ల పనే. మొగుడి మీదా, మేనమామ మీదా ఎవరూ ర్యాలీ తియ్యరు కదా!

అలాంటి కేసుకి మహదేవపూర్ లాంటి చోట ఏం జరుగుతుందన్నదే అసలు పరీక్ష. దసలి పట్టుకు పేరున్న ఊరు. చుట్టూ అడవి, పక్కనే గోదావరి. 2016 దాకా దీని జిల్లా కేంద్రం ఎక్కడో కరీంనగర్, ఇప్పుడు భూపాలపల్లి. ఒకే గూటిలో వైద్యం, ఆశ్రయం, న్యాయసలహా ఇచ్చే ‘సఖి’ కేంద్రాల పథకం 2015లో మొదలైంది. అది జిల్లాకు ఒకటి. అర్ధరాత్రి దెబ్బలు తిన్న ఆడమనిషి పిల్లని చంకనెత్తుకుని అక్కడికి చేరాలంటే బస్సుండాలి, చేతిలో డబ్బుండాలి, తోడు మనిషుండాలి. అందుకే 181కి ఫోన్ చేయడం అన్నిటికన్నా దగ్గర దారి. ఏ ఆసుపత్రయినా, ప్రైవేటుదైనా సరే, అత్యాచార, యాసిడ్ బాధితులకు వెంటనే ఉచితంగా చికిత్స చెయ్యాలి. కాదంటే జైలు. ఫిర్యాదు తీసుకోని పోలీసుకూ అంతే. ఈ సంగతులు రాసిన బోర్డు స్టేషన్ ముందు ఉందా అని ఏ ర్యాలీ అయినా అడిగిందా?

మహదేవపూర్ దగ్గర కాళేశ్వరం వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. పరిధి అన్న మాట ఇక్కడ కాగితం మీది గీత కాదు, నది. పెళ్లిళ్లూ, కూలిపనులూ ఆ నదికి ఇటూ అటూ సాగుతుంటాయి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చెయ్యాలి. ఎఫ్‌ఐఆర్ నకలు పైసా అడగకుండా చేతికివ్వాలి. అటు ఒడ్డున దెబ్బలు తిని ఇటు పుట్టింటికి వచ్చిన కూతురి కేసు ఇక్కడే రాయమని అడగొచ్చు. ‘అక్కడికి పొమ్మ’ంటే ఎవరన్నారో, ఏ తేదీన అన్నారో రాసుకుని, అదే మాట ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు.