ఆలోచన చెప్పువాడు, పని నడుపువారు

పెక్కుమంది కూడి పనిచేయు సంస్థకు వెలుపలినుండి వచ్చి ఆలోచన చెప్పువాని యవసరము అప్పుడప్పుడు కలుగుచుండును. ఇది క్రొత్త మాట కాదు. రాజు ఒంటరిగా నిర్ణయింపరాదనియు, ముగ్గురు నలుగురు మంత్రులతో ఆలోచింపవలయుననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. అయితే నేటి వర్తకసంస్థలును, ప్రభుత్వ కార్యాలయములును పిలిపించుకొను సలహాదారు మంత్రివంటివాడు కాడు. ఆజ్ఞాపించు నధికారము అతనికి లేదు. మరి అతడు చేయగలిగిన దేమి? మన దేశముననే జరిగిన యొక వృత్తాంతము దీనిని చక్కగా తెలుపును.

అహమ్మదాబాదులో కాలికో మిల్లని ప్రసిద్ధికెక్కిన నేతమిల్లు ఉండెడిది. సారాభాయి కుటుంబమువారు దానిని నడపుచుండిరి. 1952లో అందు స్వయముగా నడచు క్రొత్త మగ్గములను నెలకొల్పిరి. ధనము వ్యయమయ్యెను గాని, తలచిన ఫలము చేకూరలేదు. 1953లో లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఏ. కె. రైస్ అను నాతడు వచ్చి ఆ శాలను పరిశీలించెను.

అచ్చట 224 మగ్గములు, 29 మంది పనివారు. పనులు మాత్రము పండ్రెండు తెగలు. నేయువాడొకడు, కండెలు నింపువాడొకడు, తెగిన పడుగు నతుకువాడొకడు, నూనె వేయువాడొకడు, ఊడ్చువాడొకడు. ఒక్కొక్క తెగవానికి అప్పగించిన మగ్గముల లెక్క వేరు వేరు. అందుచే ఒక నేతగానికి తోడ్పడువారు ఫలానివారే యను నిలుకడ లేకపోయెను. పనివారు పలువురుండిరి, జట్టు మాత్రము లేదు.

ఇది పెండ్లివిందులోని వడ్డన వంటిది. ఒకడు పప్పు మాత్రమే, మరియొకడు నెయ్యి మాత్రమే పట్టుకొని అన్ని పంక్తులును తిరుగుచుండగా, తుదివిస్తరి ముందు కూర్చున్న ముసలివాడు వట్టి యన్నముతో మిగిలిపోవును. ఎవరి నడిగినను, “నా వడ్డన నేను చేసితిని” అనును. అది నిజమే. ఒక్కొక్క పంక్తిని నలుగురి కప్పగించినచో, విస్తరి ఖాళీగా నుండుట ఆ నలుగురికిని సిగ్గగును.

రైస్ సూచించినదియు ఇదియే. మగ్గములను భాగములుగా చేసి, ఒక్కొక్క భాగమును చిన్న జట్టున కప్పగింపుడనెను. ఆశ్చర్యమేమనగా, ఆ మాట చెవిని పడినంతనే మేస్త్రీలును పనివారును దానిని తమదిగా చేసికొనిరి. ఎవరితో ఎవరు చేరవలెనో తామే నిర్ణయించుకొని జట్టులు కట్టిరి. కొంతకాలమునకు పని కుదుటబడి, బట్ట హెచ్చెను. చెడిన బట్ట తగ్గెను. రైస్ ఈ చరిత్రను 1958లో గ్రంథముగా ప్రకటించెను.

కథ ఇంతటితో ముగిసినచో మనము మురిసిపోవచ్చును. కాని 1970లో అదే సంస్థకు చెందిన ఎరిక్ మిల్లర్ మరల పరిశీలింపగా, సాధారణ మగ్గముల శాల యొకదానిలో జట్టుపద్ధతి చాలవరకు నిలిచియుండెను. స్వయముగా నడచు మగ్గముల శాలలందు అది సడలి, పాతపోకడలు తిరిగి వచ్చియుండెను. ఏర్పాటు ఒకసారి చేసిన చాలదు. దానిని కాపాడువారు కావలెను. వలసిన నూలు సకాలమున అందించుట, క్రొత్తవారికి పని నేర్పించుట, పైవారి తొందరపాటునుండి జట్టును కాచుట: ఇవి నాయకుని ధర్మములు. జట్టులోపలి పనిలో మాటిమాటికి చేయి పెట్టుట నాయకత్వము కాదు.

ఈ నీతి మిల్లులకే పరిమితము కాదు. ఒక వృద్ధుని పింఛను దరఖాస్తు పది బల్లలమీదుగా తిరుగుచుండును. ప్రతి గుమాస్తాయును తన సంతకము తాను చేసియే యుండును. వృద్ధుడు మాత్రము వరండాలో కూర్చుండియే యుండును. అట్టి కార్యాలయమునకు వచ్చిన సలహాదారు మొదట అడుగవలసిన ప్రశ్న “ఎవరు సోమరులు?” అనునది కాదు, “ఈ ముసలివాని పని మొదలునుండి తుదివరకు ఎవరిది?” అనునది. ఆ ప్రశ్నకు ఉత్తరము కార్యాలయమువారే వెదకుకొనునట్లు చేయగలిగిన నాడు అతని రాక సఫలము.