అండాశయ క్యాన్సరు: కాగితము చేతికి వచ్చిన తరువాత

కోటవురట్లవంటి ఊరిలో ఒక స్త్రీ కడుపు ఉబ్బరముగా నున్నదని చెప్పినచో మొదట వినవచ్చు మాట ‘గ్యాసు’. రెండు మాత్రలు, ఒక సోడాతో కొన్ని వారములు గడచును. చెరకు నరకు రోజులైనచో రెండు మూడు నెలలే గడచిపోవచ్చును. కొంచెము తిన్నంతనే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట ఒక్కొక్కటిగా తోడైనను, వయస్సు మీదపడుటవలన వచ్చినవేయని ఇంటివారు సరిపెట్టుకొందురు. తుదకు నర్సీపట్నములోనో అనకాపల్లిలోనో స్కానింగు తీయించగా అండాశయముపై కంతి యున్నదని, కడుపులో నీరు చేరినదని తేలును. కాగితము ఇంగ్లీషులో నుండును. ఆ ఇంట దానిని చదువగలిగినది హైస్కూలులో చదువుచున్న పిల్ల ఒక్కతెయే కావచ్చును. లేదా ఆ కాగితము పట్టుకొని మాస్టారి యింటికి పోవుదురు. చదివి చెప్పువారికి దానిలోని మాటల అర్థము కొంతయైన తెలిసియుండుట అవసరము.

అండాశయములు రెండు. గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదంపప్పంత పరిమాణములో నుండును. వీటియందు పుట్టు క్యాన్సరు ఒకే జబ్బు కాదు. నూటికి 90 వంతులు పైపొరకు సంబంధించిన రకము. ఇది ఎక్కువగా బహిష్టు ఆగిన తరువాతి వయస్సులో వచ్చును. వీనిలో పెక్కు నిజమునకు అండాశయములో గాక, అండవాహికల కొసనున్న కుచ్చులవంటి భాగములో మొదలగునని ఇటీవలి పరిశోధనలు తెలిపినవి. రెండవది బీజకణముల నుండి పుట్టు రకము. ఇది బాలికలకు, యువతులకు వచ్చును. దీని సంగతి వేరుగా చెప్పవలసియున్నది. భారతదేశములో స్త్రీలకు వచ్చు క్యాన్సర్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారముల తరువాత మూడవ స్థానము అండాశయమునదే. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారము ఆ ఏడాది దేశములో సుమారు 47 వేలమందికి ఈ జబ్బు కొత్తగా వచ్చినది.

కాగితముపై తరచుగా కనబడునది సి.ఏ. 125 అను మాట. ఇది రక్తములో నుండు ఒక మాంసకృత్తు. 1981 లో రాబర్టు బాస్టు, ఆయన సహచరులు దీనిని గుర్తించు ప్రతిరక్షకమును తయారుచేసిరి. మిల్లీలీటరుకు 35 యూనిట్ల వరకు మామూలుగా ఎంచుదురు. అంకె 35 దాటినంత మాత్రమున క్యాన్సరని నిర్ణయింపరాదు. గర్భము ధరించినపుడు, బహిష్టు రోజులలో, కాలేయపు జబ్బులలో కూడ ఇది పెరుగును. మన దేశములో మరింత ముఖ్యమైనది కడుపులోని క్షయ. దానివలన కూడ కడుపులో నీరు చేరును, బరువు తగ్గును, ఈ అంకె వందలలోనికి పోవును. క్షయ మందులతో నయము కావలసిన స్త్రీకి క్యాన్సరని చెప్పి దిగులు పెట్టిన సందర్భములు వైద్య పత్రికలలో పలుమార్లు వెలువడినవి. జబ్బు ఏదో తేల్చునది కణజాలపు పరీక్ష, లేదా కడుపులోని నీటిలో కణముల పరీక్ష. ‘ముక్క పరీక్ష జరిగినదా?’ అని అడుగుట చదివి చెప్పువారు చేయదగిన మొదటి మేలు.

అట్లని ప్రతి కంతినుండియు సూదితో ముక్క తీయరాదు. కంతి అండాశయమును దాటక, దాని పొర చెదరక యున్నంతకాలము జబ్బు తొలి దశలో నున్నట్లు. గ్రుచ్చినను, శస్త్రచికిత్సలో పగిలినను లోని కణములు కడుపులో చిందును, దశ మారును. అందుచేత అట్టి కంతిని చెక్కుచెదరకుండ మొత్తముగా తీసి పరీక్షింతురు. వ్యాపించిన జబ్బులోనైనచో ముందుగనే ముక్క తీసి చూచుట వాడుక.

ఇక్కడనే కుటుంబములు తొందరపడుట కలదు. దగ్గరలోని చిన్న ఆసుపత్రిలో మంచము దొరికినదని, రేపే కోసెదమనిరని ఒప్పుకొందురు. ఈ జబ్బులో మొదటి శస్త్రచికిత్స ఎట్లు జరిగినదను దానిపై ముందుకథ చాలవరకు ఆధారపడును. క్యాన్సరు కణములు కడుపులోపలి పొరమీద విత్తనములవలె చల్లబడును. ప్రేగులమీద దుప్పటివలె వ్రేలాడు కొవ్వుపొరను పట్టుకొనును. కంటికి కనబడు జబ్బునంతయు తీసివేయగలిగినచో రోగి ఎక్కువ కాలము బ్రతుకును. ఈ పనికి స్త్రీల క్యాన్సర్లలో ప్రత్యేక శిక్షణ పొందిన శస్త్రవైద్యులు కావలెను. వారిచేతులలో ఫలితములు మెరుగుగా నుండునని అనేక దేశముల అనుభవము. కొందరికి మూడు విడతల మందులిచ్చి, జబ్బు తగ్గిన తరువాత కోయుదురు. ‘ఇంకను ఆపరేషను చేయలేదేమి?’ అని కంగారుపడనక్కరలేదు. పెద్ద ఆసుపత్రికి చేరుటకు పట్టు కొద్దిరోజులవలన జరుగు నష్టముకన్న అరకొరగా జరిగిన శస్త్రచికిత్సవలన కలుగు నష్టమే సాధారణముగా హెచ్చు.

శస్త్రచికిత్సతోపాటు సాధారణముగా కార్బోప్లాటిను, పాక్లిటాక్సెలు అను రెండు మందులను మూడువారముల కొకసారి, ఆరు విడతలుగా ఇత్తురు. మొదటిది ప్లాటినము లోహమునకు చెందినది. 1965 లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గు బాక్టీరియాపై విద్యుత్తు ప్రభావమును పరిశీలించుచుండగా అవి విభజన చెందుట మాని దారములవలె సాగినవి. కారణము విద్యుత్తు కాదు, ప్లాటినము ఎలక్ట్రోడులనుండి కరగిన పదార్థము! దానినుండి వచ్చిన సిస్‌ప్లాటిను 1978 లో వైద్యమునకు ఆమోదము పొందినది. కార్బోప్లాటిను దాని చెల్లెలివంటిది. రెండవ మందు పసిఫిక్ యూ అను చెట్టు బెరడునుండి దొరకినది. దాని నిర్మాణమును 1971 లో ప్రకటించినవారిలో మహారాష్ట్రలో పుట్టిన మన్సుఖ్ వాణి ఒకరు. కణము రెండగునపుడు ఏర్పడు సన్నని గొట్టములను ఈ మందు బిగబట్టి విభజనను ఆపును. 1992 లో ఇది మొట్టమొదట ఆమోదము పొందినది అండాశయ క్యాన్సరుకే. మందులతో క్యాన్సరును లొంగదీయవచ్చునను ఆశకు 1940 ల చివరలో బలమిచ్చినవారిలో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారుండుట తెలుగు విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విషయము.

జుట్టు రాలును. అది మరల వచ్చును. మందు పట్టినవారిలో తెల్ల రక్తకణములు తగ్గును గనుక జ్వరము వచ్చినచో ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. దీనికి ‘చూతములే’ అనుట పనికిరాదు.

పైపొర రకపు జబ్బు వచ్చినవారిలో సుమారు ఏడుగురిలో ఒకరికి పుట్టుకతోనే బి.ఆర్.సి.ఏ. జన్యువులలో మార్పు ఉండును. రక్తపరీక్షతో తెలియును. ఉన్నచో రెండు లాభములు కలవు. 2014 నుండి వాడుకలోనికి వచ్చిన ఒలాపరిబు వంటి మాత్రలు అట్టివారికి బాగుగా పనిచేయును. రెండవది, కుమార్తెలు, అక్కచెల్లెండ్రు ముందుగా జాగ్రత్తపడవచ్చును. ఈ మార్పు తండ్రివైపునుండి కూడ రావచ్చును. ‘మా అమ్మవైపు ఎవరికిని లేదు’ అనుకొని ఊరకుండుట పొరపాటు. లక్షణములేవియు లేని స్త్రీలందరికి ఏటేటా పరీక్ష చేయవచ్చును గదా యని విద్యార్థులు అడుగుదురు. బ్రిటనులో రెండు లక్షలమంది స్త్రీలతో జరిపిన పరిశీలన ఫలితములు 2021 లో వెలువడినవి. అట్టి పరీక్షలవలన మరణములు తగ్గలేదు.

బాలికల సంగతి. పదునాలుగేండ్ల పిల్ల కడుపు ఎత్తుగా కనబడినచో ఊరు ఏమనుకొనునో చెప్పనక్కరలేదు. బీజకణముల రకపు కంతులలో కొన్ని గర్భములో కనబడు హార్మోనునే స్రవించును. అప్పుడు మూత్రపరీక్ష కూడ గర్భమనియే చెప్పును! పిల్ల కాదని ఏడ్చినను నమ్మువారుండరు. స్కానింగు ఒక్కటి తీసినచో నిజము తేలును. ఈ రకము త్వరగా పెరిగినను మందులకు చక్కగా లొంగును. తొలి దశలలో నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమగుదురు. తరచు జబ్బున్న అండాశయమును మాత్రమే తీసి, గర్భాశయమును, రెండవ అండాశయమును ఉంచుదురు గనుక తరువాత పెండ్లియాడి పిల్లలను కన్నవారు పలువురు కలరు. బడిలో అట్టి పిల్ల మానివేసినచో ఉపాధ్యాయినులు ఒకసారి ఇంటికి పోయి విచారించుట మంచిది.

కోటవురట్లనుండి పోదగిన చోట్లు మరీ దూరమేమియు కాదు. అనకాపల్లి దాటి విశాఖపట్నము పోవు దారిలోనే అగనంపూడివద్ద హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. ఇది బొంబాయి టాటా మెమోరియలు కేంద్రమునకు చెందినది. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, హైదరాబాదులో 1955 నాటి మెహదీ నవాజ్ జంగ్ సంస్థ ఉన్నవి. ఖర్చు విషయమున, 2007 లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరుతో నున్న పథకములో క్యాన్సరు శస్త్రచికిత్స, మందులు చేరియున్నవి. ఆసుపత్రిలో ‘ఆరోగ్యమిత్ర’ యను ఉద్యోగిని అడిగిన వివరములు చెప్పును. ఊరిలోని ఆశా కార్యకర్త కూడ దారి చూపగలదు. చికిత్సకై పోవు రోగికి, తోడుపోవు ఒకరికి రైలుఛార్జీలో రాయితీ కలదు. ఆసుపత్రివారు నిర్ణీత పత్రము వ్రాసి ఇయ్యవలెను.

డబ్బుకన్న కష్టమైనది మరియొకటి. డాక్టరు చెప్పు మాట భర్తకో కుమారునికో చేరి అక్కడనే ఆగిపోవును. ‘నీకేమియు లేదు, గడ్డ తీసినారు’ అందురు. ఆరు విడతల మందు ఎక్కించుచున్నపుడు ప్రక్క మంచముమీది స్త్రీ అంతయు చెప్పును. ఇంటివారు ప్రేమతోనే దాచినను, ఆమెకు తన జబ్బును గురించి అడుగు అవకాశము లేకపోవును. ఏ దశ? నయము చేయుటకా, ఉపశమనమునకా ఈ మందు? నొప్పి పెరిగినచో ఎవరివద్దకు పోవలెను? ఇవి ఆమె అడుగవలసిన ప్రశ్నలు. జాతీయ మానవ హక్కుల సంఘము 2018 లో సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రములో జబ్బు వివరములు తెలిసికొనుట, రెండవ వైద్యుని అభిప్రాయము పొందుట హక్కులుగా చెప్పబడినవి. ముదిరిన దశలో నొప్పికి మార్ఫిను మాత్రలు, కడుపులోని నీరు తీయుట మొదలగు ఉపశమన వైద్యము కలదు. దానిని మొదటినుండియే కోరవచ్చును.

కాగితములన్నియు తేదీల వరుసను ఒక సంచిలో పెట్టుట పిల్లలు చేయగల పని. స్కానింగు కాగితము, శస్త్రచికిత్సలో ఏమేమి తీసిరో తెలుపు పత్రము, ఇచ్చిన మందుల మోతాదులు అందులో నుండవలెను. ఆసుపత్రివద్ద నుండు రికార్డుల నకళ్లు అడిగిన 72 గంటలలో ఇయ్యవలెనని వైద్యమండలి 2002 నాటి నిబంధన. వీటికితోడు తీసిన ముక్కను మైనములో పోసిన చిన్న దిమ్మ, గాజుపలకలు ప్రయోగశాలలో నుండును. వేరొక ఆసుపత్రికి మారునపుడు వాటినికూడ అడిగి తీసికొనిపోవలెను. అక్కడి వైద్యులు మరల పరీక్షించుటకు, జన్యుపరీక్షకు ఆ దిమ్మయే ఆధారము.