పెరటి కోళ్ళు - వాటి పగవారు

మన బీదరు అటు పూర్తిగా పట్నమూ కాదు, ఇటు పల్లెటూరూ కాదు. కోట చుట్టుపట్ల పాత వీధులలో నేటికీ పెరడున్న ఇళ్ళు కొన్ని మిగిలి ఉన్నాయి. పెరడున్నచోట నాలుగు కోళ్ళు తిరగకుండా ఉండవు. 1956 నవంబరు 1న రాష్ట్రాల హద్దులు మారినప్పుడు, పాత హైదరాబాదు రాజ్యంలోని బీదరు మైసూరులో చేరింది. జహీరాబాదు, నారాయణఖేడుల మన బంధువులు ఆంధ్రప్రదేశ్ వారయ్యారు. 2014 నుంచి తెలంగాణవారయ్యారు. 1973లో మైసూరు పేరు కర్ణాటక అయింది. ఇన్ని మార్పులలోనూ మన పెరడు మాత్రం కదలలేదు. మనం కోడి అంటాము, ప్రక్కింటి కన్నడంవారు కోళి అంటారు, ఎదురింటి ఉరుదూవారు ముర్గీ అంటారు. గద్ద మాత్రం ఏ భాషా అడగకుండా అందరి ఇళ్ళ పిల్లలనూ తన్నుకుపోతుంది!

ఈ పగవారి సంగతి మేము పుస్తకాలు చదివి నేర్చుకోలేదు, నష్టపోయి నేర్చుకున్నాము. కొన్నేళ్ళ క్రిందట మా పెరట్లో పన్నెండు కోళ్ళుండేవి. గుడ్లు అమ్మగా వచ్చిన డబ్బుతో మా అమ్మాయి పుస్తకాల ఖర్చు గడిచేది. గూటి తలుపు గడియ ఊడిపోతే, రేపు చూద్దాంలే అని తాడుతో కట్టాము. ఆ రేపు వారం రోజులైనా రాలేదు. ఒకనాటి తెల్లవారుజామున కోళ్ళ అరుపులు విని పరుగెత్తి వెళ్ళేసరికి తలుపు తెరిచి ఉంది. తొమ్మిది కోళ్ళు పెరడంతా చెల్లాచెదరుగా చచ్చిపడి ఉన్నాయి. మిగిలిన మూడూ జామచెట్టెక్కి వణుకుతున్నాయి.

"నక్క పని" అనుకున్నాము. మందు పెట్టి చంపవలెనని కూడా మాట్లాడుకున్నాము. అంతలో వెనకింటి అవ్వ వచ్చి చూసి, "నక్కను ఎందుకు తిడతరు బిడ్డా? నక్క వస్తే ఈకలు మిగులుతయి, కోడి మిగలదు. మీ కోళ్ళన్నీ ఈడనే పడి ఉన్నయి. ఇది వీధికుక్కల పని. అవి ఆకలికి చంపవు, ఆటకు చంపుతయి" అన్నది. తరువాత తలుపు వైపు చూసి, "కుక్కలను కూడా ఎందుకు అనాలె? తాడు కట్టింది ఎవరు?" అన్నది. మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆనాటి నుంచి మేము ముందు ఆనవాలు చూడడం, తరువాత దారి మూయడం అలవాటు చేసుకున్నాము. దొంగ ఎవరో తెలియకుండా పెట్టిన కాపలా దండుగ గదా!

పట్టపగలు పిల్ల మాయమై, ఒక్క ఈక కూడా మిగలకపోతే గద్దనో, డేగనో, కాకినో అనుమానించాలి. పగటిపూటే గుడ్లు పోయినా, కోడి మెడ దగ్గర కొరుకుడు పడినా ముంగిసను తలచుకోవాలి. ముంగిస పగలు తిరిగే జంతువు. చిన్న సందున్నా చాలు, దూరుతుంది. రాత్రిపూట ఒక్క కోడి పోయి, గోడవైపు ఈకలు వరుసగా రాలి ఉంటే పిల్లి. పెంకు కూడా లేకుండా గుడ్లు పోతుంటే పాము అయి ఉండవచ్చు. గూటి అడుగున కొత్త బొరియ కనిపించి, పిల్లల కాళ్ళు కొరికి ఉంటే పందికొక్కు. ఈ గుర్తులు ఒక్కొక్కసారి తప్పవచ్చు. కాని ఏ గుర్తూ చూడకపోవడం కంటే మేలే.

పగటి పగవారి నుంచి కాపాడవలసింది ముఖ్యంగా పిల్లలను. ఇరవైఒక్క రోజులు పొదిగి దించిన పిల్లలను మొదటి నాలుగైదు వారాలు గంప క్రిందనో, పైన వల కప్పిన చిన్న దొడ్డిలోనో ఉంచాలి. తల్లితో బయటికి వదిలేటప్పుడు దగ్గరలో పొదలుండాలి. కరివేప, మందార, గోరింట వంటి గుబురు మొక్కలు పెరట్లో ఉంటే పిల్లలకు అవే కోటలు. బోసిగా ఉన్న పెరడు గద్దకు వడ్డించిన విస్తరి. మెరిసే కాగితాలు, పాత రేకులు వ్రేలాడదీస్తే గద్దలు కొన్నాళ్ళు జంకుతాయి. తరువాత అలవాటు పడిపోతాయి. కాబట్టి వాటినే నమ్ముకోరాదు.

కోడి అరుపును వినడం కూడా నేర్చుకోవాలి. ఆకాశంలో గద్ద కనిపిస్తే కోడి సన్నగా, సాగదీసి ఒక కూత పెడుతుంది. పిల్లలు ఎక్కడివక్కడ నక్కుతాయి. నేలమీద పిల్లో, కుక్కో వస్తే టకటకమని ఎడతెగకుండా అరుస్తుంది. ఈ రెండు అరుపులు వేరని జంతుశాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి తేల్చారు. మన అవ్వలు వంటింట్లో కూర్చునే, మొదటి అరుపుకు పైకి చూస్తూ, రెండవ అరుపుకు కర్ర పట్టుకుని బయటికి వచ్చేవారు! గిన్నీకోళ్ళను ఒకటి రెండు పెంచితే అవి ఇంకా పెద్దగా అరచి హెచ్చరిస్తాయి. అయితే ఇరుగుపొరుగుల నిద్ర సంగతి కూడా ఆలోచించుకోవాలి.

రాత్రి కాపలా అంతా గూటిలోనే ఉంది. చీకటి పడితే కోడికి కళ్ళు సరిగా కనబడవు, పారిపోలేదు. అందుచేత గూడు గట్టిగా ఉండడం అవసరం. పది కోళ్ళకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల గూడు రాత్రి పడకకు సరిపోతుంది. నేలనుంచి రెండడుగుల ఎత్తున కాళ్ళమీద నిలబెడితే పందికొక్కు బాధ తగ్గుతుంది, తడి చేరదు, శుభ్రం చేయడమూ సులువు. బజారులో కోళ్ళ వల అని అమ్మే పలుచని తీగవల కోడిని లోపల ఉంచుతుందే గాని కుక్కను బయట ఉంచలేదు. దాని కంతలలోనుంచి పాము కూడా దూరుతుంది. అరంగుళం కంతలున్న గట్టి ఇనుప జాలీ వేయించాలి. గాలి రావడానికి పైభాగంలో జాలీ ఉంటే చాలు. గూడు నేలమీదనే ఉంటే, జాలీని అడుగు లోతున పాతి, వెలుపలి వైపుకు మడవాలి; త్రవ్వే జంతువుకు అది అడ్డుపడుతుంది. తలుపుకు తాడు కాదు, గడియ ఉండాలి. ఈ మాట ఎంత ఖరీదు పెట్టి కొన్నామో పైన చెప్పాము.

గింజల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సాయంత్రం చల్లిన జొన్నలు మిగిలితే ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం పాము వస్తుంది. వచ్చిన పాము గుడ్లనూ చూస్తుంది. కనుక తిన్నంతే వేసి, మిగిలింది ఎత్తివేయాలి. గుడ్లను ఏ పూటకాపూట తీసుకోవాలి.

కోడి జాతిని బట్టి కూడా కొంత భేదం ఉంది. మన బీదరు కేంద్రంగా ఉన్న కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞానాల విశ్వవిద్యాలయం 2005లో స్వర్ణధార అనే పెరటి కోడిని విడుదల చేసింది. ఇది అంతకు ముందు వచ్చిన గిరిరాజ కోడి కంటే చిన్నది, తేలికైనది. అందువల్ల అడవిపిల్లులు, నక్కల బారి నుంచి తప్పించుకోవడం దీనికి కొంత సులభం. హైదరాబాదు రాజేంద్రనగరంలోని కోళ్ళ పరిశోధన సంస్థవారి వనరాజ, గ్రామప్రియ కూడా పెరళ్ళకోసం తయారైనవే. బరువు చూసి మురిసిపోయే ముందు, ఆ కోడి పరుగెత్తగలదా, ఎగిరి కొమ్మెక్కగలదా అని కూడా చూడాలి. ఆ రాత్రి మా జామచెట్టెక్కి బ్రతికిన మూడూ తేలికపాటి నాటుకోళ్ళే.

చివరిగా ఒక మాట. కోపంతో మందు పెట్టడం, కరెంటు తీగలు కట్టడం వద్దు. ముంగిస, నక్క, నాగుపాము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉన్నాయి. వాటిని చంపడం నేరం. మందు పెట్టిన ముద్దను ఎవరి కుక్క తింటుందో, కరెంటు తీగను ఎవరి బిడ్డ ముట్టుకుంటుందో చెప్పలేము. పైగా మన ఇళ్ళ చుట్టూ ఎలుకలను తిని మనకు మేలు చేసేవీ ఈ జంతువులే. ఒకదాన్ని చంపితే దాని చోటికి ఇంకొకటి వస్తుంది. దారి మూస్తే ఏదీ రాదు.

సూర్యాస్తమయం వేళకు కోళ్ళు వాటంతటవే గూటికి చేరతాయి. మన వంతు అయిదు నిమిషాల పని: లెక్కపెట్టడం, గడియ వేయడం, ఒకసారి లాగి చూడడం. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని మా అమ్మాయిదే. ఆమె లెక్క పూర్తయి, "అన్నీ ఉన్నయి" అన్న తరువాతనే మేము దీపం ముందు కూర్చుంటాము.