కానవచ్చు జంట – వినవచ్చు జంట



నాట్యము కనులకును, గానము వీనులకును విందు. కాళిదాసుని మాళవిక రాజు నెదుట తాను పాడుచు, తన పాటకు తానే అభినయించినది. మన కూచిపూడి సత్యభామయు పూర్వము తన దరువు తానే పాడుకొనుచు ఆడెడిది. పాడు గొంతును, ఆడు పాదమును ఒక్కరివే యగుట ప్రాచీనుల మర్యాద. చలనచిత్రము వచ్చి యీ మర్యాదను మార్చినది. ఆ మార్పులో పేరెవరికి దక్కెను, మరుగున నెవరు నిలిచిరి యను సంగతి మనబోటి గృహిణులు విచారింపదగినది. ఏలయన, మరుగుననుండి పాటుపడుట మనకు క్రొత్త కాదు.

హాలీవుడ్ నాట్యచిత్రములలో ఫ్రెడ్ ఆస్టేర్, జింజర్ రోజర్స్ అను జంట మిక్కిలి ప్రసిద్ధము. వీరు 1933 మొదలు 1949 వరకు 10 చిత్రములలో కలసి నటించిరి. మొదటి చిత్రములు వచ్చిన కాలమున అమెరికా ప్రజలు ఆర్థికమాంద్యముచే పనులు లేక అలమటించుచుండిరి. అట్టివారికి ఈ చిత్రములు గంటన్నరసేపు కష్టమును మరపించెడివి. నాయకుడు నాట్యమునకు పిలుచును, నాయిక అలుగును, ఆట ముగియునప్పటికి అలుక తీరియుండును. మాటలతో తెగని తగవు అడుగులతో తీరుటయే వాని ఆకర్షణ.

నాట్యము సాగునంతసేపు తల మొదలు పాదముల వరకు నిండు విగ్రహము తెరమీద కనబడవలెననియు, దానిని ముక్కలుగా కోసి అతుకరాదనియు ఆస్టేర్ పట్టుదల. కావున ఒక్క అడుగు తప్పినను మొదటినుండి ఆడవలసినదే. 1936లో వచ్చిన ‘స్వింగ్ టైమ్’ చిత్రమున ఒక నాట్యమును 40కి పైగా పర్యాయములు ఆడుటచే రోజర్స్ పాదములు నెత్తురోడెనని చెప్పుదురు. తెరమీద మాత్రము ఆమె పూలరేకువలె తేలిపోవుచుండును.

తెరమీద కనబడువారికే యింత శ్రమ యుండగా, కనబడనివారి మాట యేమి? 1952 నాటి ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ కథ యిదియే. గొంతు బాగులేని నటికి వేరొక కన్య మరుగున నుండి గొంతునిచ్చును. తుదకు తెర తొలగి న్యాయము జరుగును. వింత యేమన, ఆ కన్య వేషము వేసిన డెబ్బీ రెనాల్డ్స్‌కు ఒకటి రెండు పాటలలో గొంతునిచ్చిన బెట్టీ నోయిస్ పేరు ఆ చిత్రపు పట్టికలోనే లేదు! 1961లో నటాలీ వుడ్‌కును, 1964లో ఆడ్రీ హెప్‌బర్న్‌కును పాడిన మార్నీ నిక్సన్ గతియు నట్టిదే.

ఇక మన సీమకు వత్తము. విజయనగరమున మహారాజావారు 1919లో సంగీత పాఠశాలను నెలకొల్పిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. కృష్ణాజిల్లా చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు విద్యకొరకు ఈ పట్టణమునకు వచ్చి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై, జోలె పట్టి మధూకరమెత్తి చదువుకొనిరి. 1935లో విజయనగరముననే జన్మించిన పి. సుశీలగారును ఈ విద్యాలయముననే సంగీతము నభ్యసించిరి. సాలూరు చెంతనున్న శివరామపురము సాలూరి రాజేశ్వరరావుగారి జన్మస్థానము. 1940 నాటి ‘ఇల్లాలు’ చిత్రమున ఆయన రావు బాలసరస్వతీదేవిగారితో కలసి తానే నటించి, తానే పాడిరి. తరువాత నేపథ్యగానము వ్యాపించి, కానవచ్చు జంట వేరు, వినవచ్చు జంట వేరు అయ్యెను.

1957లో వెలువడిన ‘మాయాబజార్’ నెరుగని యిల్లు మనలో లేదు. అందు 4 బాణీలు రాజేశ్వరరావుగారు కట్టగా, తక్కిన సంగీతమును ఘంటసాలగారు నిర్వహించిరి. మాయాశశిరేఖ పెండ్లి సంబరముతో నాడు ఘట్టమును తలంచుకొనుడు. నాట్యము కూర్చినవారు పసుమర్తి కృష్ణమూర్తిగారు. శశిరేఖ రూపమున నున్నది ఘటోత్కచుడు. సావిత్రి సుకుమారముగా ఆడుచు ఆడుచు నడుమ నడుమ రాక్షసుని మొరటుతనమును చూపును. సుశీలగారి గొంతు ఆ పెండ్లికూతురి మురిపెమును ఒలికించును. ఘంటసాలగారి గొంతు దానికి తోడై నవ్వు పుట్టించును. ఒక్క దేహమున ఇద్దరు కానవచ్చుచున్నారు, ఇద్దరు వినవచ్చుచున్నారు. వారిలో ఎవరు లేకున్నను ఆ రసము పండదు.

మన దేశము ఈ గొంతులను మరువలేదు. నేపథ్యగాయకుల పేర్లు చిత్రముల పట్టికలలో చేరినవి. రేడియోలో పాటతోపాటు పాడినవారి పేరును చెప్పుదురు. సుశీలగారికి 2008లో పద్మభూషణము లభించెను. 17,695 పాటలు పాడినట్లు 2016లో గిన్నిస్ గ్రంథమున కెక్కిరి. హాలీవుడ్ కంటె మనము ఈ విషయమున ధర్మము పాటించితి మనవచ్చును.

అయినను ఏ పట్టికలోను చేరని పేర్లు కొన్ని గలవు. ఆనాడు వాకిట నిలిచిన బీదబాలుని జోలెలో పట్టెడన్నము వేసిన విజయనగరపు టిల్లాండ్ర పేర్లు ఎవ్వరు వ్రాసిరి? ఆ అన్నమే పిదప గానమై లోకమును తనిపినది. విద్యార్థికి పెట్టిన కబళము వ్యర్థము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

కావున సోదరీమణులారా, మన పిల్లలు తెరమీది జంటను చూచి మురియునపుడు, పాడినవారెవరో, ఆట నేర్పినవారెవరో కూడ వారికి చెప్పుడు. ఆడపిల్ల కూనిరాగము తీసినచో కసరక, శ్రుతి నేర్పించుడు. విజయనగరపు విద్యాలయమున నేటికిని సంగీతముతోపాటు నాట్యమును బోధించుచున్నారు. మాళవికవలె తానే పాడి తానే ఆడగల బాలిక మన యింటనే యుండవచ్చును.