థైరాయిడ్ మెడలో ఉంటే కళ్లెందుకు ఉబ్బుతాయి?

మా అక్క పాత ఫొటో, ఇప్పటి సెల్ఫీ పక్కపక్కన పెడితే గానీ మాకు తేడా తెలియలేదు. కళ్లు ముందుకొచ్చాయి, పై రెప్పలు ఎవరో లాగి పట్టుకున్నట్టున్నాయి. అప్పటిదాకా అందరం "ఫోన్ ఎక్కువ చూస్తున్నావే" అని తిట్టాం, నేను కూడా. అసలు కారణం గ్రేవ్స్ డిసీజ్.

ఇందులో దారి తప్పేది మన ఇమ్యూనిటీ. యాంటీబాడీలు వెళ్లి థైరాయిడ్ మీదున్న టీఎస్‌హెచ్ రిసెప్టర్‌ని పట్టుకుంటాయి. అదే రిసెప్టర్ కంటి వెనక కణాల్లోనూ ఉంది. మా కోడింగ్ భాషలో, ఒకే ఫంక్షన్ రెండు చోట్ల వాడారు, బగ్ రెండు చోట్లా వచ్చింది. కంటి వెనక కండరాలు, కొవ్వు వాస్తాయి. చుట్టూ ఎముకే కదా, కన్ను ముందుకే జరగాలి.

అందుకే థైరాయిడ్ రిపోర్ట్ నార్మల్ అయినా కంటి సమస్య ఉండొచ్చు. సిగరెట్ తాగితే ఇంకా ముదురుతుంది. మంట, నీళ్లు కారడం, ఒకటి రెండుగా కనబడటం ఉంటే కంటి డాక్టర్‌ని కూడా కలవండి. రంగులు వెలిసినట్టున్నా, చూపు తగ్గినా ఆ రోజే వెళ్లాలి, వాపు కంటి నరాన్ని నొక్కుతుండొచ్చు.

అక్క ఇప్పుడు రోజూ పొద్దున్నే ఒక్కో కన్ను మూసుకుని ఫ్రిజ్ మీదున్న ఎర్ర మ్యాగ్నెట్ చూస్తుంది, రెండు కళ్లకీ ఒకే ఎరుపు కనిపిస్తోందా అని.